పత్తి గదిలో ఫిజిక్స్

ఆ ఆదివారం పొద్దున్న అఖిల వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. టిఫిన్లయ్యాక తన క్లాసు పిల్లలు మాలిక్, అర్ఫా వస్తారు. మాలిక్ కాంతి పాఠం చెబుతాడు, అర్ఫా రసాయన చర్యలు చెబుతుంది, విద్యుత్తు తను చెబుతుంది. టెన్త్ ఫిజికల్ సైన్స్ పరీక్ష వారంలోకి వచ్చేసింది. ముగ్గురిలో ఎవరికీ పుస్తకం మొత్తం రాదు. ముగ్గురూ కలిస్తే వస్తుందని వాళ్ళ ఆశ.

ఇంట్లో కూర్చోవడానికే చోటు లేదు. ముందు గది నిండా పత్తి. రేటు పెరుగుతుందని అఖిల తండ్రి చెంచయ్య చలికాలం నుంచీ అమ్మకుండా దాచాడు. రేటు పెరగలేదు, పత్తి కదల్లేదు, ఇంటిల్లిపాదీ వరండాలోనే పడుకుంటున్నారు. చివరికి ఆ రోజుకి ఒక బేరం కుదిరింది. పత్తి కొనే హయాత్‌ను వెంటబెట్టుకొస్తానని చెంచయ్య గుంటూరు బయల్దేరాడు.

"నేనొచ్చేదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళొద్దు" అని తన తల్లి సుబ్బరావమ్మకి ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ బండి స్టార్ట్ చేశాడు. అఖిల తల్లి అప్పటికే మిరపకాయ కోతకు వెళ్ళిపోయింది.

మాలిక్ వస్తూనే చెంచయ్య గడ్డం గీసుకునే అద్దం అడిగి తీసుకున్నాడు. ముఖం పెద్దగా కనిపించే అద్దం అది.

"ఇది కాన్‌కేవ్ మిర్రర్. సూర్యుడి కిరణాలన్నీ దీనికి తగిలి ఒక్క చోట కలుస్తాయి. అదే ఫోకస్. అక్కడ కాగితం పెడితే కాలుతుంది" అన్నాడు.

కాగితం కాలలేదు. అప్పుడే మబ్బేసింది.

"మబ్బు సిలబస్‌లో లేదు" అన్నాడు మాలిక్ విసుగ్గా. మబ్బు తొలగి మళ్ళీ ఎండ కాసేసరికి, కాగితం మందంగా ఉందనీ పత్తయితే తొందరగా అంటుకుంటుందనీ చెప్పి, కిటికీ ఊచల్లోంచి గుప్పెడు పత్తి లాగాడు. గదిలోకి వెళ్ళొద్దన్నారు గానీ చెయ్యి పెట్టొద్దని ఎవరూ అనలేదు.

ఈసారి ప్రయోగం పనిచేసింది. గుప్పెట్లో పత్తి అంటుకుంది. చెయ్యి చుర్రుమనగానే మాలిక్ దాన్ని విసిరేశాడు. అది తిన్నగా కిటికీలోంచి, వచ్చిన చోటికే వెళ్ళిపోయింది.

ముగ్గురూ తలుపు తీసుకుని గదిలోకి పరిగెత్తారు. మాలిక్ రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించాడు. మంట ఆరింది. కాలింది అరచేయంత. తడిసింది మంచమంత.

అఖిల అక్కడే కూలబడింది. "సాయంత్రం హయాత్ గారు మిషన్ పెట్టి తేమ చూస్తారు. తేమ ఎక్కువుంటే పత్తి కొనరు. నాన్న ఈ బేరం మీదే ఆశ పెట్టుకున్నాడు" అంది.

అర్ఫా వరండా మూలకి వేలు చూపించింది. "మీ గోడలకి వెయ్యడానికి తెచ్చిన సున్నం గడ్డలు ఉన్నాయిగా. రాతి సున్నం కాల్షియం ఆక్సైడ్. తేమని పీల్చేస్తుంది. గుడ్డల్లో మూటలు కట్టి పెడదాం."

అర్ఫా చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. సున్నం నీటిని పీల్చుకుంటుంది. పీల్చుకుంటూ కుతకుతలాడి వేడిని వదులుతుందన్నది కూడా అదే పేజీలో ఉంది. ఆ ముక్క ఆమెకు గుర్తొచ్చేసరికి, మూటలు పెట్టేసిన తడి పత్తిలోంచి ఆవిరి లేచి కిటికీలోంచి బయటికి పోతోంది.

వరండాలో అప్పుడే కునుకు తీసి లేచిన సుబ్బరావమ్మకి ఆవిరికీ పొగకీ తేడా తెలియదు. కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరేయ్ చెంచయ్యా, పత్తి తగలబడుతోందిరా. నువ్వెక్కడున్నా వెంటనే రా" అని పెట్టేసి, పక్కింటి పేరయ్యను కేకేసింది.

పేరయ్య బోరు మోటారు వేసి, పైపు లాక్కొచ్చి కిటికీలోంచి లోపలికి పెట్టాడు.

"తాతా, ఆపు. అది పొగ కాదు, ఆవిరి" అంది అఖిల.

"ఏదైతేనేం, ముందు ఆరనీ" అన్నాడు పేరయ్య.

నీళ్ళు పోసేకొద్దీ ఆవిరి ఎక్కువైంది. ఆవిరి ఎక్కువయ్యేకొద్దీ పేరయ్య ఇంకా పోశాడు. ఎందుకలా అవుతోందో అర్ఫాకు సమీకరణంతో సహా తెలుసు. చెబుతూనే ఉంది. మోటారు చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

చెంచయ్య, హయాత్ వచ్చేసరికి గడప కింది నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెంచయ్య గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. జరిగిందంతా మాలిక్ చెప్పాడు.

"నాలుగు తగిలించు చెంచయ్యా. ఇట్టాంటి చదువులు ఎవరు చదవమన్నారు వీళ్ళని" అన్నాడు పైపు చుట్టుకుంటూ పేరయ్య.

హయాత్ ఎంతో దూరం నుంచి వచ్చినవాడు. ఊరికే పోవడం ఇష్టం లేక, తడవని పత్తి ఏమైనా ఉందేమో చూద్దామని కుప్ప ఎక్కి వెనక గోడ దాకా వెళ్ళాడు.

"అటెందుకులే భాయ్, బురద" అన్నాడు చెంచయ్య గబగబా.

హయాత్ అప్పటికే మిషన్ పత్తిలో గుచ్చాడు. చూశాడు. మరోచోట లోతుగా గుచ్చాడు. మళ్ళీ చూశాడు.

"ఇక్కడా తడే. ఇక్కడికి పైపు అందలేదే" అన్నాడు నెమ్మదిగా.

చెంచయ్య తలెత్తి దూలాల వంక చూస్తున్నాడు. తూకం పెరగడానికి, మిషన్ చేరని వెనక వైపు పత్తి మీద నీళ్ళు చల్లేవాళ్ళుంటారని అఖిల విన్నదే. వాళ్ళలో నాన్న ఉంటాడని ఎప్పుడూ అనుకోలేదు. గదిలోకి ఎవరూ వెళ్ళొద్దని ఎందుకన్నాడో ఆ క్షణాన అర్థమైంది.

"అక్కడ కూడా మేమే పోశాం అంకుల్. నిప్పు అటు పాకిందేమోనని" అంది.

మాలిక్ ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. అర్ఫా అతని కాలు తొక్కింది. "అవునంకుల్" అన్నాడు మాలిక్.

హయాత్ ఆ ముగ్గురినీ చూసి, చెంచయ్యను చూసి, మిషన్ సంచిలో పెట్టుకున్నాడు. "పిల్లలు చెబుతున్నారుగా, సరే. బాగా ఎండాక కబురు చెయ్యి చెంచయ్యా. ఇదే రేటు ఇస్తానని మాత్రం అనుకోకు" అని వెళ్ళిపోయాడు.

"పిల్లల్ని ఒక్క మాటా అనవేం" అని పేరయ్య మళ్ళీ కదిపాడు.

"పోనీలే బాబాయ్. చదువుకునే పిల్లలు" అన్నాడు చెంచయ్య.

రాత్రి అఖిల పుస్తకం ముందేసుకుని కూర్చుంది గానీ ఒక్క అక్షరమూ బుర్రకెక్కలేదు. చెంచయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "పరీక్ష ఎప్పుడమ్మా?" అన్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు.

"శనివారం నాన్నా" అంది.

మిగిలిన రోజులన్నీ ఆ పత్తిని మిరప కళ్ళంలో పరిచి ఎండబెట్టారు. ముగ్గురు పిల్లలూ పత్తి తిరగేస్తూ ఒకరికొకరు పాఠాలు అప్పజెప్పుకున్నారు. మధ్యలో రెండుసార్లు చినుకులు పడ్డాయి. ఆఖరికి హయాత్ వచ్చి, రంగు మారిందని రేటు తగ్గించి, పత్తి ఎత్తించుకుపోయాడు. ఫలితాలు వచ్చినప్పుడు ముగ్గురూ సైన్సులో మంచి మార్కులతో పాసయ్యారు.

ఆ ఏడు ఆ ఇంటికి గిట్టుబాటైంది అదొక్కటే.