పౌల్‌రాజుకు బద్లీ

ఆ సోమవారం పొద్దున పౌల్‌రాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. కార్ఖానాలో పొద్దుటి షిఫ్టు దిగాక జుగ్సలాయి బజారుకెళ్లి చేపలు కొనాలి, వండుకు తినాలి, తల దువ్వుకుని సాయంత్రానికల్లా కాలేజీలో ఇంగ్లీషు క్లాసుకు చేరాలి. నడివయసు దాటిన క్రేను డ్రైవరుకు ఇంగ్లీషు దేనికని సీతారాండేరా క్వార్టర్లలో ఇరుగుపొరుగులు అడిగితే, ప్రమోషనుకని చెప్పేవాడు. ప్రమోషను అతనికి కలలో కూడా రాలేదు.

నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులవి. హిందీ మాట్లాడే ఆ ఊళ్లో, కార్ఖానా మనుషుల కోసం కాలేజీవాళ్లు సాయంత్రం పూట ఈ క్లాసు పెట్టారు. పాఠం చెప్పే ముఖర్జీ మాస్టారిది ఒకటే పద్ధతి. క్లాసు మొదలవగానే ప్రతివాడూ పక్క కుర్చీవాడి వైపు తిరిగి, "హౌ ఆర్ యూ? హావ్ యూ ఈటెన్?" అని అడగాలి. గదిలో ఇంగ్లీషు తప్ప మరో భాష వినిపిస్తే నిలబెట్టేస్తారు. పౌల్‌రాజు పక్క కుర్చీ సీతారామరావు అనే పెద్దాయనది. తెల్ల పంచె, మెత్తటి గొంతు. తెలుగువాడేనని పేరే చెబుతోంది. అయినా ఇద్దరూ ఒక్క తెలుగు ముక్క మాట్లాడుకున్న పాపాన పోలేదు, ఎందుకంటే క్లాసు వదలగానే పెద్దాయన బస్సు కోసం పరుగెత్తేవాడు. వాళ్ల స్నేహమంతా నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లోనే నడిచేది.

భార్య ఏసుమణి పోయాక, అన్నం తిన్నావా అని పౌల్‌రాజును అడిగే మనిషి ఆయనొక్కడే. పాఠం కాబట్టి అడుగుతున్నాడని పౌల్‌రాజుకు తెలుసు. తెలిసినా బాగానే ఉండేది. రోజూ "నో" అని చెప్పడం నామోషీ అనిపించి, ఎప్పుడో మానేసిన వంట మళ్లీ మొదలుపెట్టాడు. పగలంతా క్రేను మీద ఒక్కడే, రాత్రంతా క్వార్టరులో ఒక్కడే. మధ్యలో ఆ రెండు ప్రశ్నలు ఉండబట్టి రోజు గడిచేది.

అలాంటిది, ఆ సోమవారం కార్ఖానా గేటు దగ్గర ఫోర్‌మన్ అతన్ని ఆపి, ఇప్పుడు ఇంటికెళ్లి మధ్యాహ్నం రమ్మన్నాడు. రెండో క్రేను డ్రైవరు ఊరెళ్లాడట. ఈ వారమంతా పౌల్‌రాజుకు బి షిఫ్టు, రెండింటి నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. అంటే వారమంతా క్లాసు లేనట్టే. వారం నాగా పెడితే మాస్టారు పేరు కొట్టేసి, బయట కాచుకున్నవాళ్లలో ఒకణ్ణి కూర్చోబెడతారు. సీతారామరావు వాణ్ణి అడుగుతాడు, అన్నం తిన్నావా అని.

ఇంకో ఊరివాడైతే మాస్టారి దగ్గరికెళ్లి సంగతి చెప్పుకునేవాడు. కార్ఖానా మనిషి బుర్ర అలా నడవదు. పర్మనెంటు మనిషి రాకపోతే బద్లీ వస్తాడు. పని ఆగదు, పేరు పోదు. గేటు బయట ఎవరు పిలుస్తారా అని రోజూ నిలబడే బద్లీలలో భుయ్యాడీహ్ బస్తీ ఆదిబాబు ఒకడు. పౌల్‌రాజు అతన్ని పక్కకు పిలిచాడు.

"ఏటి సెయ్యాలన్నియ్యా?"

"నా పేరు పిలిత్తే ప్రెజెంట్ సర్ అను. పక్కాయన హౌ ఆర్ యూ అంటే ఫైన్ అను. తిన్నావా అంటే యెస్ అను. అంతే."

"నువ్వు కాదని గురుతు పట్టేత్తే?"

పౌల్‌రాజు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "మాస్టారు తలెత్తి సూడడు. మిగతావోళ్లు నా మొకమెప్పుడూ సూడనేదు. ఆ పక్కాయనొక్కడే."

"ఆయనడిగితే?"

"వచ్చే వారం వత్తాడని సెప్పు," అన్నాడు పౌల్‌రాజు. అడిగితే బాగుండునని లోపల అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆదిబాబు గేటు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు. "కామ్ పక్కా అన్నియ్యా. ప్రెజెంట్ సర్ అంటే గదంతా మోగిపోనాది."

"పెద్దాయన ఏటన్నాడు?"

"హౌ ఆర్ యూ అన్నాడు. ఫైనన్నాను."

"నా గురించి?"

"ఏటీ అడగనేదు."

పౌల్‌రాజు క్రేను ఎక్కాడు. ఇన్నాళ్లూ ఆ పెద్దమనిషి పలకరించింది కుర్చీని అన్నమాట. కుర్చీలో ఎవడుంటే వాడికే ఆ పలకరింపు. క్రేనులోకి తెచ్చుకున్న సీసాలో నీళ్లున్నా, ఆ రోజంతా అతనికి తాగబుద్ధి కాలేదు. ఆ వారంలో అన్నం కూడా సరిగా వండుకోలేదు.

ఇక్కడ బద్లీల ధర్మం ఒకటి చెప్పాలి. పర్మనెంటువాడికంటే ఒక పిసరు ఎక్కువ చేస్తేనే బద్లీని మళ్లీ పిలుస్తారు. ఆదిబాబు ఆ పిసరు రోజూ చేస్తూ వచ్చాడు. బుధవారం మాస్టారు ఇల్లూవాకిలీ గురించి చెప్పమంటే, తన భార్య సింహాచలమ్మనూ ఇద్దరు పిల్లలనూ వచ్చిన ఇంగ్లీషులో ఏకరువు పెట్టాడు. గురువారం అతన్ని మానిటరును చేశారు. పౌల్‌రాజు అంత సరదా మనిషని ఇన్నాళ్లూ తెలియలేదే అని క్లాసంతా ఆశ్చర్యపోయింది. శనివారం గేటు దగ్గరికి ఆదిబాబు కొంచెం వంగి నడుస్తూ వచ్చాడు.

"తరవాత పాఠం స్నేహితుడింటికి ఎల్లడమట అన్నియ్యా. ఎవులింటికెల్దామని మాస్టారు నిన్న అడిగినాడు. సెయ్యెత్తేసినాను."

"ఎందుకెత్తినావు?"

"గేటు కాడ అలవాటు గదా. ఎవుడొత్తాడంటే సెయ్యి దానంతటదే లేసిపోద్ది."

"సరే, రేపు ఆళ్లంతా మీ ఇంటికొత్తారు."

"మా ఇంటికి కాదు. పౌల్‌రాజింటికి. సీతారాండేరా. రిజిస్టర్లో అదే ఉన్నాదట."

నిజం చెప్పేద్దామా అంటే ఉన్న పేరు కాస్తా పోతుంది. పెద్దాయన పలకరించేది కుర్చీనే అయినా, ఆ కుర్చీ తప్ప పౌల్‌రాజుకు ఇంకేముంది. ఇంటి తాళంచెవి తీసి ఆదిబాబు చేతిలో పెట్టాడు.

ఆదివారం పౌల్‌రాజు చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. సింహాచలమ్మ గ్లాసులు కడుగుతూ పిల్లలను కేకలేస్తోంది. పిల్లలు మంచం మీద గెంతుతున్నారు. ఆ ఇంట్లో ఒకరినొకరు కేకలేసుకుని చాలా కాలమైంది. పౌల్‌రాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇల్లు తనదేనా అని అనుమానం వచ్చింది, తనది కాకపోయినా బాగుందే అనిపించింది.

"బావగోరూ, మీరు వంటింట్లో ఉండండి," అంది సింహాచలమ్మ. "ఇద్దరు పౌల్‌రాజులుంటే ఎబ్బెట్టుగా ఉంటాది."

సాయంత్రం క్లాసంతా వచ్చింది. కుర్చీలు చాలక సగం మంది గోడకానుకున్నారు. పౌల్‌రాజు వంటింట్లో టీ కాస్తూ చెవులు రిక్కించి వింటున్నాడు. ఎవరో గోడమీద ఏసుమణి ఫొటో చూసి, "హూ ఈజ్ షి?" అన్నారు. "మై సిస్టర్," అన్నాడు ఆదిబాబు, తడుముకోకుండా. పౌల్‌రాజు చేతిలో గరిటె ఆగింది. బతికినన్నాళ్లూ ఏసుమణి ఇలాంటి వింతలకు పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు ఆ నవ్వు కూడా తనే నవ్వుకోవాలి, అదొక్కటి అతనికి చేతకాలేదు.

ఇంతలో ఆదిబాబు చిన్న కొడుకు గది మధ్యకొచ్చి హిందీలో గట్టిగా అడిగాడు. "పాపా, యే కిస్కా ఘర్ హై?"

ఇదెవరిల్లని వాడు అడిగింది హిందీ వచ్చినవాళ్లందరికీ అర్థమైంది. "ఓన్లీ ఇంగ్లీష్," అని ఆదిబాబు కొడుకు చెవి మెలేశాడు. ముఖర్జీ మాస్టారు మెచ్చుకోలుగా తలూపి, మంచినీళ్ల కోసం వంటింటి వైపు వచ్చారు. వచ్చి, టీ వడగడుతున్న పౌల్‌రాజును చూశారు.

"హూ ఈజ్ దిస్ జెంటిల్‌మన్?"

ఆదిబాబు పరుగున వచ్చాడు. అతనికి అబద్ధానికి సరిపడా ఇంగ్లీషు మిగల్లేదు. "మై బద్లీ, సర్. ఐ నో కమ్, హి కమ్."

మాస్టారు మొదటిసారి పౌల్‌రాజు ముఖంలోకి పరీక్షగా చూశారు. "యెస్, యెస్. ఐ హావ్ సీన్ హిమ్ సమ్‌వేర్," అని నీళ్లు తాగి వెళ్లిపోయారు. తన ఇంట్లో తనకే బద్లీ అయిన మనిషి పొయ్యి వైపు తిరిగి, మండుతున్న నిప్పులనే మళ్లీ మళ్లీ ఊదాడు.

వెనక అడుగుల చప్పుడైంది. ఖాళీ గ్లాసుతో సీతారామరావు. పౌల్‌రాజు ముఖం తిప్పుకున్నాడు.

"వారం రోజులెక్కడికి ఎల్పోనావు నాయినా? ఒంట్లో బాగున్నాదా?"

ఆ గొంతు తెలుగులో వినడం అదే మొదలు. "బి షిఫ్టు," అన్నాడు పౌల్‌రాజు.

"అలాగా. నేనింకేటో అనుకుని బెంగెట్టుకున్నాను. ఈ ఇల్లు నీదంటే, నువ్వుంటావని వచ్చినాను."

"మరి ఆదిబాబునడగనేదేటి, పెద్దాయనా?"

"ఎలా అడుగుతాను. ఒక బద్లీ ఇంకో బద్లీని బయటెట్టకూడదు గదా."

పౌల్‌రాజు వెనక్కి తిరిగాడు.

"నా పేరు ఆమోసు. సీతారామరావంటే మా పక్కింటి గుమస్తా. పేరు రాయించుకున్నాడు గానీ, రావడానికి ఓపిక నేదు. సాయంత్రాలు నాకు ఊసుపోదు, నేనెల్తానన్నాను."

"ఇంట్లో ఎవులూ నేరా?"

"ఉన్నారు. కొడుకు, కోడలు, మనవలు. ఆళ్లలో ఆళ్లు హిందీలో మాటాడుకుంటారు. నేనేటన్నా హా హా అంటారు." ఆమోసు గ్లాసు కింద పెట్టి, మెల్లగా పీట లాక్కుని కూర్చున్నాడు. "అన్నం తిన్నావా?"

"నేదు," అన్నాడు పౌల్‌రాజు. ఈసారి నామోషీ అనిపించలేదు.

వచ్చినవాళ్లంతా వెళ్లేదాకా ఆ ఇద్దరూ వంటింట్లోంచి కదల్లేదు. అన్నం వండుకుని, సింహాచలమ్మ తెచ్చిన చేపల పులుసు వెచ్చబెట్టుకున్నారు. పోయిన ఏసుమణి గురించీ, అంతుపట్టని మనవల గురించీ, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా మాట్లాడుకున్నారు. బస్సు దాటిపోయిందని ఆమోసుకు గుర్తే రాలేదు.

మర్నాడు ఆదిబాబు తల వంచుకుని వచ్చాడు. "నీ జాగా నీకిచ్చేత్తానన్నియ్యా," అన్నాడు. మానిటరు పదవి అతనికి జన్మలో దొరికిన మొదటి పర్మనెంటు పని. "ఉంచుకో. నాకు పనున్నాది," అన్నాడు పౌల్‌రాజు, చేపల సంచీ సర్దుకుంటూ. అప్పట్నుంచి ఆమోసు కాలేజీ దగ్గర కాక సీతారాండేరాలో బస్సు దిగి పౌల్‌రాజు ఇంటికి వచ్చేవాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే బాగోదని, ఆదిబాబే గేటు దగ్గర ఒక మనిషిని చూసి అందులో కూర్చోబెట్టాడు.

ఆ ఏడాది ఒక్క నాగా కూడా లేకుండా క్లాసుకు వచ్చినందుకు ముఖర్జీ మాస్టారు పౌల్‌రాజునూ సీతారామరావునూ నిండు సభలో పేరుపేరునా మెచ్చుకున్నారు.