మూడు అడవులూ, కిటికీ పక్క సీటూ

నేను దర్జీని. కూర్చుని బతికేవాణ్ణి. దేవుడు మనిషికి కాళ్ళిచ్చింది కుట్టు మిషను తొక్కడానికేనని, అంతకు మించి వాటిని ఇబ్బంది పెట్టకూడదని నా నమ్మకం. మా ఆవిడ లెక్కల టీచరు. రోజంతా నిలబడి బతికే మనిషి. మా సంబంధం కుదిర్చినవాళ్ళు ఎత్తూ రంగూ చూశారు గానీ ఈ ఒక్క తేడా చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే తను నా టేపు తీసుకుని నా నడుం చుట్టే తిప్పింది. ఊరందరి కొలతలూ తీసే నేను అలా చేతులెత్తి నిలబడాల్సి రావడం కొంచెం అవమానంగానే ఉంది.

"ఏవండీ, టేపు అందట్లేదు."

"పాత టేపు. సాగిపోయి ఉంటుంది."

"సాగితే అందాలి కదండీ."

లెక్కల టీచరుతో కాపురం అంటే ఇదీ. ఆ పూటే నన్ను నడకకి తీసుకెళ్ళింది.

మా ఊళ్ళో మూడు చిన్న అడవులున్నాయి. మధ్యలో రోడ్లు అడ్డొచ్చినా, రోడ్డు దాటగానే కాలిబాట మళ్ళీ చెట్లలోకి దారి తీస్తుంది. మా వీధి చివరి గేటులో అడుగు పెడితే నీడ వదలకుండా ఊరి ఆ కొస దాకా వెళ్ళిపోవచ్చు. ప్రతి గేటు దగ్గరా సిటీ బస్సు ఆగుతుంది. కాళ్ళు నొప్పెట్టినవాళ్ళు ఎక్కడైనా బస్సెక్కి ఇంటికి పోవచ్చని ఆ ఏర్పాటు. నాకు ఆ ఏర్పాటు ఎంతో నచ్చింది. కాళ్ళు నొప్పెట్టకముందే నచ్చింది.

మొదటి ఆదివారం మొదటి అడవి సగంలోనే నాకు ఆయాసం వచ్చింది. మా ఆవిడ ముందు నడుస్తూ ఏదో చెబుతోంది. నేను వెనక ఊపిరి పీల్చుకోవడమే పనిగా పెట్టుకున్నాను. తిరిగి వచ్చాక రెండు రోజులు మిషను మీద కాలు పెడితే మోకాలు కీచుమంది. మిషనుకైతే నూనె వేస్తాం, మోకాలికి ఏం వేస్తాం? బుర్ర వాడాలి. వాడాను.

"చూడు, నీ వేగం నీది, నా వేగం నాది" అన్నాను మరుసటి ఆదివారం. "నాకోసం నువ్వు ఆగడం, నీకోసం నేను పరిగెత్తడం దేనికి? నేను ముందు బయల్దేరతాను. నువ్వు వంట కానిచ్చి రా. మూడో అడవి చివరి గేటు దగ్గర కలుద్దాం."

"ఒక్కరే వెళ్ళగలరా?"

"అడవేగా. పులులేం లేవు."

మొదటి గేటు దగ్గర బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. చెట్లన్నీ అవే నా దగ్గరికి నడిచొచ్చి వెనక్కి పోతున్నాయి. అడవిని చూడ్డానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదనిపించింది. చివరి గేటు దగ్గర దిగి, టీ తాగి, కునుకు తీసి, కుళాయి నీళ్ళు మొహాన చల్లుకుని చెమటలా దిద్దుకున్నాను. మా ఆవిడ వచ్చేసరికి బెంచీ మీద రొప్పుతూ కూర్చున్నాను.

"అప్పుడే వచ్చేశారా?"

"మధ్యలో ఒకచోట ఆగాను కూడా" అన్నాను. నిజమే. సిగ్నల్ దగ్గర ఆగాం.

తిరిగి రావడం మాత్రం ఇద్దరం బస్సులోనే. అలా కొన్ని వారాలు గడిచాయి. నా నడుం తగ్గలేదు గానీ నా పేరు పెరిగింది. మా ఆవిడ వాళ్ళ అక్కతో చెప్పింది, అక్క మొగుడితో చెప్పింది. అక్కడ వచ్చింది చిక్కు. ఆ మొగుడు, అంటే మా తోడల్లుడు, బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం దిగిపోయినా మెళ్ళో ఈల దిగలేదు. ఇంట్లో కాఫీ కావాలన్నా ఊదుతాడు. మేమంతా ఆయన్ని ఈల మాస్టారంటాం.

ఆ తరవాతి ఆదివారం ఆయన, వదినగారు, మా అత్తగారు దిగారు. అత్తగారి చేతిలో గొడుగు ఉంది.

"మా మరదలు తెగ చెబుతోంది, నువ్వు అడవంతా గాలిలా చుట్టేస్తున్నావట" అన్నాడు ఈల మాస్టారు నా పొట్ట వైపు అనుమానంగా చూస్తూ. "ఇవాళ నువ్వే ముందు నడు. మేం వెనక వస్తాం."

"అన్నయ్యగారూ, అత్తయ్యగారితో అంత దూరం ఎందుకులెండి."

"అల్లుడు నడిపిస్తే నేను నడవనా ఏం?" అంది అత్తగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన అత్తగారు. మా ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు నీళ్ళ సీసాలు సంచిలో సర్దుతోంది.

ఈల మోగింది. బయల్దేరాం.

కొంచెం లోపలికి వెళ్ళగానే బాట రెండుగా చీలింది. నాకు బస్టాపులన్నీ వరసగా కంఠతా వచ్చు గానీ, మొదటి వారం మా ఆవిడ మడమలు చూస్తూ నడిచిన నాకు ఈ చీలిక కొత్త. దర్జాగా కుడి వైపు తిరిగాను. దారి ఓ కంచె దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. అందరూ నన్ను చూశారు. నేను కంచెను చూశాను.

"ఒక చెట్టు చూపించాలని అన్నారు కదండీ, ఇదేనా?" అంది మా ఆవిడ.

నిజంగానే అక్కడ ఒక చెట్టుంది.

"ఇదే" అన్నాను.

"ఏం చెట్టు బాబూ ఇది?" అంది అత్తగారు.

"పెద్ద చెట్టండీ."

అత్తగారు భక్తిగా దాన్ని తడిమి చూసింది. వెనక్కి తిరిగి ఎడమ దారి పట్టాం. ఆ తరవాత చీలిక వచ్చినప్పుడల్లా మా ఆవిడ, "ఇక్కడ గుంట దగ్గర జాగ్రత్త అన్నారుగా, ఈ వైపేగా" అంటూ నా నోట్లో మాట నాకే అందిస్తూ వచ్చింది. నేను ఔనౌనంటూ అడుగేశాను. ఇంత అనుకూలవతి అయిన భార్య ఉండగా ఇన్నాళ్ళూ ఒంటరిగా బస్సెక్కానే అని మనసు చివుక్కుమంది.

మొదటి అడవి దాటి రోడ్డు మీదికి వచ్చాం. అప్పుడే బస్సు వచ్చింది. మేమెవరం చెయ్యెత్తలేదు. అయినా సరిగ్గా నా ముందు ఆగి తలుపు తెరుచుకుంది.

"రండి సార్" అన్నాడు డ్రైవరు ఆప్యాయంగా. "ఇవాళ ఇక్కడ ఎక్కుతున్నారేం? మీ కిటికీ సీటు ఖాళీగానే ఉంది."

ఈల మాస్టారి నోట్లోంచి ఈల జారిపోయింది. "నిన్ను ఇతనెలా ఎరుగును?"

"చొక్కా" అన్నాను. నోటికొచ్చింది అదే.

"ఏం చొక్కా సార్?" అన్నాడు డ్రైవరు.

"అదే బావా" అంది మా ఆవిడ తొణక్కుండా. "ఈయన కుట్టి ఇస్తానని ఇంకా ఇవ్వలేదు. పాపం, కనబడినప్పుడల్లా మర్యాదగా ఎక్కించుకుని అడుగుదామని చూస్తాడు."

దర్జీ చొక్కా ఆలస్యం చేశాడంటే నమ్మనివాడు భూమ్మీద లేడు. ఈల మాస్టారు తల పంకించాడు. డ్రైవరు కొంచెం ఆలోచించి, "అయితే కొలతలివ్వడానికి ఎప్పుడు రమ్మంటారు సార్?" అన్నాడు.

"బుధవారం" అంది మా ఆవిడ. తలుపు మూసుకుంది. అలా నాకు ఒక ఉచిత చొక్కా పని పడింది.

రెండో అడవిలో ఎత్తు మొదలైంది. సగం మెట్లెక్కేసరికి నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వెనక్కి చూద్దును కదా, ఈల మాస్టారు పడిపోయిన మొద్దు మీద చతికిలపడి ఉన్నాడు. ఈల ఊదబోయాడు, గాలే వచ్చింది. ఆయన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చి, వెళ్ళి ఆయన పక్కనే కూలబడ్డాను. తోడల్లుళ్ళం అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

"నిజం చెప్పు" అన్నాడాయన రొప్పుతూ. "ఇదంతా ప్రతివారం నడుస్తావా?"

"మీరు రోజూ పరిగెడతారటగా?"

ఇద్దరం ఆ సంగతి అక్కడితో వదిలేశాం. పైన అత్తగారు గొడుగు ఊపుతూ మమ్మల్ని పిలుస్తోంది.

ఎలాగో చివరి గేటు చేరాం. తిరుగు బస్సు సిద్ధంగా ఉంది. వదినగారు ఎక్కింది, అత్తగారు ఎక్కింది, ఈల మాస్టారిని ఇద్దరూ లాగారు. నేను ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాను.

"ఈయన రారు బావా" అంది మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని. "తిరిగి నడిస్తేగానీ ఈయనకి అన్నం సయించదు."

బస్సు కదిలింది. కిటికీలోంచి అత్తగారు గర్వంగా చెయ్యూపింది.

ఇద్దరం చెట్లలోకి మళ్ళాం. బస్సు చప్పుడు వినబడకుండా పోయాక అడిగాను. "ఎప్పటినుంచి తెలుసు?"

"రెండో వారం నుంచి. మీరు టీ బల్ల మీద కునుకు తీస్తుంటే దూరం నుంచి చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆ గేటు దగ్గరికి కూడా రావడం మానేస్తారని." కొంచెం ఆగి, "కనీసం అక్కడ ఒక బెంచీ మీద కూర్చుంటున్నాం కదా ఇద్దరం" అంది.

ఆ మాటకి నాకు కాళ్ళ నొప్పి కాసేపు తెలియలేదు.

"నన్ను హెడ్మిస్ట్రెస్‌గా వెళ్ళమంటున్నారు" అంది తను. "రేపు జవాబు చెప్పాలి. మొదటిరోజు ఈ బాట మీద చెప్పాను. ఇంట్లో రెండుసార్లు చెప్పాను. మీరు మిషను తొక్కుతున్నారు."

 ఆ రోజు ముందు నడుస్తూ తను చెబుతున్నది అదన్నమాట. నేను ఊపిరి లెక్కపెట్టుకున్నాను.

"వెళ్ళు" అన్నాను. "నువ్వు కాక ఇంకెవరు చేస్తారు ఆ పని? భయమా?"

"కొంచెం."

"భయం దేనికి? నీ భయం చూస్తే పిల్లలు నవ్వుతారు. నేనున్నాను. ఏం చెయ్యమన్నా చేస్తాను."

"మాటేనా?"

"మాటే."

"ఆ బడి మనం ఇందాక దాటామే, చివరి గేటు, దానెదురుగానే. రోజూ పొద్దున్నే ఇలా నడిచి వెళ్దామనుకుంటున్నాను. తోడుంటే బాగుంటుంది. దారిలో నాలుగు మాటలు చెప్పుకోవచ్చు."

రోజూ. నేను కొయ్యబారి నిలబడ్డాను. మా ఆవిడ నాకోసం ఆగింది. ఎండ ఆకుల్లోంచి ఆమె మొహం మీద పడుతోంది. ఆ నవ్వు చూశాక మాట వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు రోజూ నడుస్తున్నాను. వెళ్ళేటప్పుడు తను చెబుతుంది, నేను వింటాను. బడి గేటు దగ్గర వదిలి, తిరుగుదారిలో ఒక్కణ్ణే కదా, బస్సెక్కొచ్చా అని మొదటి రోజే అడిగాను. ఆలోచించి చెబుతానంది. ఇంకా ఆలోచిస్తోంది.