వాపసు గడువులో సంగీతం

తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగారి అత్తగారు అరవై ఎనిమిదో ఏట గిటార్ నేర్చుకోవడానికి నిశ్చయించుకున్నారనీ, అందుకు కావలసిన గిటార్‌ను అల్లుడుగారే స్వయంగా ఆన్‌లైన్‌లో తగ్గింపు ధరకు కొనిపెట్టడానికి సమ్మతించారనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆవిడ నిశ్చయానికీ, ఆవిడ సొంత గిటార్‌కీ మధ్య పద్నాలుగు నెలలు గడిచాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టే పని లేదు. మంచి వస్తువు మంచి తగ్గింపులో దొరకాలంటే ఆ మాత్రం కాలం పడుతుందని మీకు వేరే చెప్పాలా?

అత్తగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు బళ్ళో డ్రిల్లు టీచరుగా పనిచేశారు. మైదానాన్ని ఆనుకునే సంగీతం గది ఉండేది. ఎండలో నిలబడి పిల్లలచేత ఎడమ, కుడి వేయిస్తూ, కిటికీలోంచి వచ్చే గిటార్‌ను ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళూ విన్నారు. ఆ గది తాళంచెవి డ్రిల్లు టీచర్లకు ఇవ్వరాదని ఒక నియమం ఉండేది. ఎందుకుండేదో నియమం రాసినవాళ్ళకూ తెలియదు. ఉద్యోగం అయిపోయింది, కోరిక మిగిలిపోయింది. ఇంతలో ఎముకల డాక్టరు ఆవిడ ఎడమచేతి చిటికెన వేలిని అటూ ఇటూ వంచి చూసి, "కదుపుతూ ఉండండమ్మా. లేకపోతే ఏడాదిన్నరలో ఇది కర్రముక్క అయిపోతుంది. ఆ తర్వాత మిగతావి" అన్నాడు. ఆవిడ ఇంటికి వచ్చి అల్లుడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"అల్లుడుగారూ, నాకో గిటార్ కావాలి. మంచిది. ఈ వేలు పనిచేస్తుండగా ఒక్క పాటయినా పూర్తిగా వాయించాలి."

"దానికేం భాగ్యం అత్తయ్యగారూ. మీరు నిశ్చింతగా ఉండండి, నేను చూసుకుంటాను."

ఆవిడ నిశ్చింతగా ఉన్నారు. పాపం, పొరపాటు అక్కడే జరిగింది.

అల్లుడుగారి సామర్థ్యం గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. కిలో రాయిలో రెండు గ్రాముల తరుగుంటే ఆయన అరచేత్తో పట్టేస్తారు. త్రాసు ముల్లు వెంట్రుకవాసి ఒరిగితే చాలు, దుకాణదారుకు ముచ్చెమటలు పట్టిస్తారు. అంతటి మనిషి, తెరమీద ఒక పెద్ద అంకె వేసి, దానిమీద గీత కొట్టి, పక్కన చిన్న అంకె చూపిస్తే కళ్ళు మూసుకుని నమ్ముతారు. గీత కొట్టిన ఆ అంకె ఏనాడైనా బతికి ఉందా అని అడగరు. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడటం ఆయనకు ఇష్టం ఉండదు.

మా అపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని 'శాతంగారు' అంటారు. ఆయన్ని సంప్రదించకుండా చీపురు కూడా కొనరు. ఒకసారి పదకొండో నంబరు బూట్లు ఎనభై శాతం తగ్గింపులో వస్తే, ఆయన తన ఎనిమిదో నంబరు కాళ్ళతోనే సర్దుకుపోయారు. నడిచినప్పుడల్లా ముందు కాళ్ళు వస్తాయి, తర్వాత బూట్లు వస్తాయి. చూసినవాళ్ళు నవ్వకపోగా ఎనభై శాతమా అని గౌరవంగా పక్కకు తప్పుకుంటారు.

మొదటి నాలుగు నెలలు అధ్యయనానికి కేటాయించారు. గిటార్ ముఖం అతుకుల చెక్కా, అసలు చెక్కా. మెడ ఏ మాను. తీగలు ఏ లోహం. ఇవన్నీ ఒక రిజిస్టరులో రాసుకున్నారు. కొన్నవాళ్ళ అభిప్రాయాలు మూడు వేలకు పైగా చదివారు. వాటిలో ఆయనకు బాగా నచ్చినది: 'ఇంకా తెరవలేదు. ప్యాకింగ్ అద్భుతం. ఐదు నక్షత్రాలు.' దీన్ని రాసినవాడు మహా వివేకి అని ఆయన అభిప్రాయం. లిఫ్టులో ఎక్కిన ప్రతివారికీ కింది అంతస్తు వచ్చేలోగా గిటార్ ముఖానికి వాడే స్ప్రూస్ చెక్క గొప్పతనం బోధించారు. ఆ సంవత్సరం చాలామంది మెట్లు ఎక్కడం అలవాటు చేసుకుని ఆరోగ్యవంతులయ్యారు. ఈ నాలుగు నెలల్లో ఆయన ఒక్క గిటార్‌నయినా చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకుంటే నిష్పక్షపాతం పోతుంది.

ఇంతలో అత్తగారు సాయంత్రం నడకకు వెళ్ళి, రెండు వీధుల అవతల ఒక వాయిద్యాల కొట్టు కనిపెట్టారు. అల్లుడుగారు రిజిస్టరులో ఎర్ర సిరాతో గుండ్రం చుట్టిన గిటారే అక్కడ గోడకు వేలాడుతోంది. కొట్టాయన దాన్ని దించి, శ్రుతి చేసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ధర అడిగితే, అల్లుడుగారు తెరమీద చూస్తున్న చిన్న అంకె ఎంతో అంతే చెప్పాడు. ఆవిడ దాదాపు పరుగున ఇంటికి వచ్చారు.

"అదే గిటార్, అదే ధర. రేపు తెచ్చేసుకుందామా అల్లుడుగారూ?"

"ఎంత శాతం తగ్గించాడు?"

"ఏమీ తగ్గించలేదు. దాని ధరే అంతట."

అల్లుడుగారు జాలిగా నవ్వారు. "ధర ఒకటే కావచ్చు అత్తయ్యగారూ. కానీ అక్కడ కొంటే మనకు మిగిలేదేముంది? ఇక్కడ నలభై శాతం మిగులుతుంది."

అత్తగారు వెనక్కి వెళ్ళి ఈ తర్కాన్ని ఉన్నదున్నట్టు కొట్టాయనకు చెప్పారు. ఆయన సంగతి గ్రహించి, మర్నాడే బోర్డు మీద మూడు రెట్ల ధర రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద పాత ధరే వేశాడు. అప్పటినుంచి ఆ కొట్లో నిలబడటానికి చోటు లేదు. నిజాయితీగా బతకడంలో ఇన్ని ఇబ్బందులున్నాయని తనకు ఆలస్యంగా తెలిసిందని ఆయన చెప్పుకుంటాడు.

ఎట్టకేలకు నలభై శాతం తగ్గింపులో గిటార్ వచ్చింది. అత్తగారు పెట్టె విప్పి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. మూడోనాడు తెరమీద కొత్త ప్రకటన వచ్చింది: వచ్చే నెల నలభై ఎనిమిది శాతం. అల్లుడుగారికి అన్నం సయించలేదు. పది రోజుల్లోగా తిప్పి పంపవచ్చన్న నిబంధన చదువుకున్నాకే ఆయనకు ముద్ద దిగింది. తిప్పి పంపాలంటే వస్తువు వాడినట్టు కనిపించకూడదు గనక, ఆ రోజే ఒక నియమావళి టైపు చేయించి గోడకు అంటించారు. ఒకటి, మెడకు వేలాడే చీటీ తీయరాదు. రెండు, ముఖం మీది ప్లాస్టిక్ పొర ఒలవరాదు. మూడు, నూలు తొడుగులు వేసుకుని మాత్రమే తీగలు ముట్టవలెను. చివరిదైన ఏడవ నియమం: వాయించునప్పుడు ఉద్వేగం పనికిరాదు, చెమట పట్టును.

పాఠకులు ఇక్కడ అత్తగారు అలిగారని ఊహిస్తే, వాళ్ళకు డ్రిల్లు టీచర్ల సంగతి తెలియదన్నమాట. ఆవిడ తొడుగుల వేళ్ళకొనలు కత్తిరించుకుని, పదో రోజు సాయంత్రానికి, మూడు నాలుగు తీగలు కలిపి మోగించే కార్డులు రెండు నేర్చుకున్నారు. గిటార్ వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేదాకా గొడుగు కర్ర మీద సుద్దముక్కతో మెట్లు గీసుకుని సాధన చేశారు. రెండో గిటార్ నలభై ఎనిమిదికి వచ్చింది, ఇంకో మూడు కార్డులు నేర్పి వెళ్ళింది. మూడోది యాభై ఒకటి. నాలుగోది యాభై అయిదు. లోకంలో సంగీతాన్ని వాపసు గడువుల్లో నేర్చుకున్న మొదటి మనిషి ఆవిడే అయి ఉండాలి. పూర్వం విద్యార్థులు గురువుకోసం వెతుక్కునేవారు. ఇప్పుడు పార్శిల్ బండి కోసం చూసుకుంటే చాలు.

తెచ్చేదీ తీసుకెళ్ళేదీ ఒకే పార్శిల్ ఆయన. తీసుకెళ్ళే రోజున గడపలోనే మోకాలి మీద పెట్టె పెట్టుకుని, "ఒక్కసారి వినిపించండమ్మగారూ, సర్దేస్తాను" అనేవాడు. విని, "పోయిన గిటార్ కంటే ఇది బాగా పలికిందండీ" అనేవాడు. పలికింది గిటార్ కాదని అతనికీ తెలుసు, ఆవిడకూ తెలుసు.

తిప్పి పంపడానికి కారణం రాయాలి కదా. అల్లుడుగారు అబద్ధమాడే మనిషి కారు గనక ప్రతిసారీ 'మనసు మారింది' అనే గడిలోనే టిక్కు పెట్టేవారు. ఆరోసారి కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "సార్, ఈ ఏడాది మీ మనసు ఆరుసార్లు మారింది. ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" అని అడిగింది. తన మనసు గురించి ఒక సంస్థ ఇంతగా పట్టించుకోవడం ఆయన్ని కదిలించింది. ఆ అమ్మాయికి ఐదు నక్షత్రాలిచ్చారు.

ఏడోది అరవై రెండు శాతానికి వచ్చేసరికి పద్నాలుగో నెల నడుస్తోంది. అత్తగారి చిటికెన వేలు పొద్దున్నే వేణ్ణీళ్ళలో నానబెడితేగానీ వంగడం లేదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కూతురు చూసింది.

"ఏవండీ, అమ్మ వేలికి కూడా గడువుంది. దాన్ని మాత్రం ఎవరూ వాపసు తీసుకోరు."

"తెలుసోయ్. ఇదే ఆఖరు. దీన్ని తిప్పి పంపేస్తే, ఆ మర్నాడే డెబ్బై శాతం మొదలు. డెబ్బైకి కొంటే ఇక జన్మలో తిప్పి పంపను."

ఆయన మాట నిజమే. ఆయనకు అత్తగారంటే గౌరవం, అభిమానం కూడా. ఆవిడకు డెబ్బై కంటే తక్కువ శాతం గిటార్ ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు, అంతే.

సరిగ్గా ఏడో గిటార్ గడువు ముగిసే పదో రోజు సాయంత్రమే అపార్ట్‌మెంటు సంఘం వారు శాతంగారికి సన్మానం తలపెట్టారు. సంఘం అధ్యక్షుడు గంటసేపు మాట్లాడాడు. "సోదర సోదరీమణులారా, కొందరు రాజ్యాలు జయించారు. కొందరు శిఖరాలు ఎక్కారు. కానీ పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఏ వస్తువునూ అసలు ధరకు కొనని మహనీయుడు మన మూడో అంతస్తులో ఉన్నాడంటే, అది మన రెండో అంతస్తు, నాలుగో అంతస్తు చేసుకున్న అదృష్టం" అన్నాడు. అంటూ 'తగ్గింపు తపస్వి' బిరుదూ, ఒక జ్ఞాపికా అందజేశాడు. జ్ఞాపిక మీద వేరెవరిదో పేరుంది. వాళ్ళు తిప్పి పంపిన సరుకు కావడంవల్ల సంఘానికది సగం ధరకే దొరికింది. హాలంతా చప్పట్లు.

చివర మిగిలిన నాలుగు నిమిషాలు అత్తగారికిచ్చారు. హాలు తలుపు దగ్గర పార్శిల్ ఆయన ఖాళీ పెట్టెతో నిలబడి ఉన్నాడు. అతని ఆఖరి ట్రిప్పుకు ఇంకా పది నిమిషాలే ఉంది. అల్లుడుగారు ముందు వరుసలో, చేతిలో ఫోనుతో, వాపసు మీట మీద బొటనవేలు ఆనించి కూర్చున్నారు.

ఆవిడ వాయించడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ పొర చిటపటలాడింది. మెడకున్న చీటీ అటూ ఇటూ ఊగింది. అయినా పాట వచ్చింది. ఏడు గిటార్ల మీద ముక్కలు ముక్కలుగా నేర్చుకున్న పాట, ఒక్క అతుకు కనిపించకుండా వచ్చింది. జనం ఫోన్లు దించారు. సగం దాటాక, ఒక్కచోట శబ్దం ఆగిపోయింది. చిటికెన వేలు వంగలేదు. ఆవిడ కంగారు పడలేదు. వరుస తప్పిన పిల్లవాణ్ణి భుజం పట్టి సర్దినట్టు, కుడిచేత్తో ఆ వేలిని పట్టుకుని, వంచి, తీగ మీద నిలబెట్టి, మళ్ళీ అక్కడినుంచే అందుకున్నారు.

అది అల్లుడుగారు చూశారు. వెంట్రుకవాసి తేడాను పట్టుకునే కళ్ళు ఆయనవి, పద్నాలుగు నెలల తరుగు ఒక్కసారి కనిపించింది. ఏడవ నియమాన్ని ఉల్లంఘిస్తూ ఆయనకు చెమట పట్టింది. పాట ముగిసీ ముగియకముందే వేదిక ఎక్కి, గిటార్ మెడకున్న చీటీని పుటుక్కున తెంపేశారు. తర్వాత ప్లాస్టిక్ పొర అంచు గోటితో లేపి, ఈ చివరనుంచి ఆ చివరకు సర్రున ఒలిచేశారు.

"ఇది మీదే అత్తయ్యగారూ. నన్ను క్షమించండి."

"క్షమించడానికేముంది బాబూ. ఆ పొర పోయాక ఎలా పలుకుతుందో విందాం, కూర్చోండి" అన్నారు ఆవిడ. అప్పటిదాకా అల్లుడుగారూ అన్న మనిషి బాబూ అనడం అదే మొదటిసారి. పార్శిల్ ఆయన ఖాళీ పెట్టెను కిందపెట్టి, దానిమీదే చతికిలబడ్డాడు.

హాలు మాత్రం పిడుగుపడ్డట్టయింది. "అయ్యో, అరవై రెండుకే?" అని వెనక వరుసలో ఎవరో గొణిగారు. "రేపు డెబ్బై పెట్టుకుని?" అన్నారు మరొకరు. కొందరు లేచివచ్చి ఆయన చేతులు పట్టుకుని, ధైర్యంగా ఉండమన్నారు. సంఘం అత్యవసరంగా సమావేశమై బిరుదును వెనక్కి తీసుకుంది. జ్ఞాపిక కూడా తిప్పి పంపేశారు. గడువు ఇంకా ఉంది కదా.

మర్నాడు డెబ్బై శాతం మొదలైంది. గీత కొట్టిన అంకె రాత్రికి రాత్రే లావెక్కింది. కట్టవలసినది మాత్రం చిల్లరతో సహా నిన్నటిదే. అల్లుడుగారు జీవితంలో మొదటిసారి ఆ గీత కొట్టిన అంకెను తూచి చూశారు. అందులో ఏ బరువూ లేదు. ఈ సంగతి లిఫ్టులో పదిమందికీ చెప్పబోయారు. పాపం దెబ్బ తిన్న మనిషి, ఏదో మాట్లాడుతున్నాడనుకుని వాళ్ళు మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు మా అపార్ట్‌మెంటులో తొమ్మిది గిటార్లు కొన్నారు. తొమ్మిదీ పెట్టెల్లోనే ఉన్నాయి. ప్యాకింగ్ అద్భుతంగా ఉందట.

అత్తగారి చిటికెన వేలు పోయిన నెల పూర్తిగా బిగుసుకుపోయింది. ఆవిడ మూడు వేళ్ళతో వాయిస్తున్నారు. పార్శిల్ ఏమీ లేకపోయినా పార్శిల్ ఆయన వచ్చి గడపలో కూర్చుంటున్నాడు. పక్కన పదకొండో నంబరు బూట్లు విప్పేసి అల్లుడుగారు కూర్చుంటున్నారు.

ఈ ఉదంతం నేను చెప్పిన ప్రతిచోటా శ్రోతలు ఎంతో ఆసక్తి కనబరిచారు. ఆ డెబ్బై శాతం ఇంకా ఉందా, ఏ కంపెనీ, సంచి ఉచితమేనా అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఓపికగా జవాబులిస్తున్నాను. ఆ సాయంత్రం ఆవిడ వాయించిన పాట ఏదని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మీకు కూడా ఆ మాట ఇప్పుడే గుర్తొచ్చింది కదూ.