రాణిగారు కప్పు పగలగొట్టలేదు

ఆ రోజు పొద్దున్న కొత్తరాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగాలి, గొంతు సవరించుకోవాలి, ఇంట్లో మిగిలిన గాజు గ్లాసుల్లో ఒకదాన్ని గోడకేసి కొట్టాలి, బస్సెక్కి థియేటర్‌కి పోవాలి. అంతే. తీరా వంటింటి అలమరా తెరిస్తే అందులో ఒక్క గ్లాసు కూడా లేదు.

"గ్లాసులేవి అత్తయ్యా?"

"చీపురుని అడుగు," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండానే. "వారం నుంచి అదే ఎత్తుకుపోతోంది. నిన్న మీ మామగారికి గరిటెతో టీ ఇచ్చాను. ఇవాళ పూలకుండీ కడుగుతున్నాను."

"రిహార్సల్ అత్తయ్యా! రాణి కప్పు పగలగొట్టాలి కదా!"

"రాణి పగలగొడితే ఊడవడానికి వంద మంది దాసీలుంటారు. ఇక్కడున్నది నేనొక్కదాన్నే."

ఇంతకీ ఈ రాణి గొడవేమిటంటే, ఆ ఊళ్లో "గాలికోట రాణి" అనే పాటల నాటకం ఇరవై ఏళ్లుగా ఆడుతోంది. యుద్ధానికని వెళ్లిన రాజుగారు అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడని కబురొస్తుంది. రాణి చేతిలో కప్పు పైకెత్తుతుంది. హాలంతా ఊపిరి బిగబడుతుంది. ఫెళ్లున నేలకేసి కొట్టి పాట ఎత్తుకుంటుంది. జనం టిక్కెట్టు కొనేదే ఆ ఫెళ్లు కోసం. పెళ్లికి ముందు చూసినవాళ్లు తర్వాత పిల్లల్ని వెంటేసుకొచ్చి, "అదిగో, ఇప్పుడు కొడుతుంది చూడు" అని చూపిస్తారు. మొదటి ఆట నుంచీ ఆ కప్పు కొట్టింది ఒక్కరే. అందరూ ఆవిణ్ణి పెద్దరాణి అంటారు. ఈమధ్య పెద్దరాణి మోకాళ్లు మొరాయించాయి. దాంతో ఇన్నాళ్లూ వెనక వరుసలో విసనకర్ర పట్టుకున్న మన చెలికత్తెకి వేషం దక్కింది, కొత్తరాణి అన్న పేరు కూడా దక్కింది.

దక్కింది అంటే పూర్తిగా దక్కలేదు. థియేటర్ ఓనరు ముందే చెప్పేశాడు. "ఇవాళ ఒక్క ఆట చూస్తాను. జనం ఒప్పుకుంటే నువ్వే రాణివి. లేదంటే నీ విసనకర్ర నీకు ఉండనే ఉంది."

కొత్తరాణి బెంగ కూడా అదే. ఎన్ని గ్లాసులు కొట్టినా అచ్చం పెద్దరాణి కొట్టినట్టే ఉంటోంది, కాకపోతే కాస్త తక్కువ రకంగా. తనదంటూ ఏమీ లేదు. నకలు చూడటానికి ఎవడొస్తాడు?

సరిగ్గా అప్పుడు మామగారు పేపర్ మడుస్తూ వంటింట్లోకి తొంగిచూశారు. "ఏమోయ్, చెప్పడం మర్చిపోయాను. మా అక్కావాళ్లు సాయంత్రం దిగుతున్నారు. నెల్లాళ్లు ఉంటారట."

అత్తగారు అరవలేదు. పల్లెత్తు మాట అనలేదు. చేతిలో ఉన్న పూలకుండీని బల్ల మీద పెట్టింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, చప్పుడన్నది లేకుండా. అంతే! మామగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కోడలి చెప్పు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయారు.

కోడలు ఆ పూలకుండీ వైపే చూసింది. అదీ కోపమంటే! పగలగొట్టేవాళ్లకి కోపం అక్కడితో దిగిపోతుంది. నెమ్మదిగా కింద పెట్టేవాళ్లతోనే అసలు ప్రమాదం. రాణి కప్పు ఎత్తుతుంది, హాలు ఊపిరి బిగబడుతుంది, రాణి ఆ కప్పుని చప్పుడు లేకుండా బల్ల మీద పెడుతుంది. దొరికింది! తన రాణి దొరికింది!

"అత్తయ్యా, మీరు మహానటి!" అని బుగ్గ మీద ముద్దు పెట్టి, మిగిలిన జత కాని చెప్పులు తగిలించుకుని బస్సు కోసం పరిగెత్తింది.

థియేటర్‌లో ఈ సంగతి ఎవరికి చెప్పాలి? నాటకం డైరెక్టర్ పోయి చాలా ఏళ్లయింది. బతికున్నప్పుడు రోజుకో మార్పు చేసేవాడట. పోయాక ఆయన చేసిన ఆఖరి మార్పు శాసనమైపోయింది. అడిగితే అందరూ వద్దనే అంటారు. అందుకే కొత్తరాణి నోరు మూసుకుందామనుకుంది. కానీ దుస్తులు కుట్టే పిన్ని కొలతల టేపుతో ఎదురొచ్చింది.

"పిన్నీ, కుడి చెయ్యి ఇంత వదులెందుకు? బిగించి కుట్టెయ్."

"బిగిస్తే చెయ్యి పైకి లేస్తుందటే? కప్పెలా విసురుతావ్?"

"విసరను."

"ఆఁ?"

"విసరను పిన్నీ. ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఒప్పుకోరు."

పిన్ని ఆమె భుజం వైపు జాలిగా చూసింది. వారం నుంచి ఈ పిల్ల గ్లాసులు గోడకేసి కొడుతోందని అందరికీ తెలుసు. భుజం పట్టేసింది! పాపం చెయ్యి లేవట్లేదు! చెప్తే వేషం పీకేస్తారని భయం! అంతా అర్థమైపోయింది పిన్నికి, అర్థం కావలసింది తప్ప.

"నా ప్రాణం పోయినా చెప్పనే తల్లీ," అంది. పిన్ని మంచిదే గానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

ముందు సామాన్ల మామ దగ్గరికెళ్లింది. నాటకంలో కత్తులు, కిరీటాలు, కప్పులు అన్నీ ఆయనే చేస్తాడు. రాణి కప్పు నిజం గాజు కాదు, పంచదార పాకం అచ్చులో పోసి ఆరబెట్టింది. కొడితే గాజులాగే పగులుతుంది, ఎవరికీ గుచ్చుకోదు.

"నీకొక్కడికే చెప్తున్నా, ఆ పిల్ల భుజం పోయింది. కప్పు విసరలేదు. నీకు తెలిసినట్టు దానితో అనకు, నొచ్చుకుంటుంది."

"అయ్యో! ఇంకా పలచగా పోస్తాలే. ఇలా తాకితే అలా పగిలిపోవాలి," అని మామ అప్పటికప్పుడు పాకం పెట్టాడు. మామూలుగా రెండ్రోజులు ఆరాలి. ఇవాళ అంత టైమెక్కడిది?

తర్వాత పిన్ని డ్రమ్ముల అన్న చెవిలో వేసింది. "నీకొక్కడికే చెప్తున్నా."

"నువ్వేం దిగులుపడకు పిన్నీ. కప్పు పగలకపోతే చప్పుడు నేనిస్తా," అని డ్రమ్ముల అన్న ఒక పెట్టె నిండా ఖాళీ సీసాలు ఏరుకొచ్చి, డ్రమ్ముల పక్కన నిచ్చెన వేసి దాని మీద పెట్టుకున్నాడు.

తర్వాత రాజుగారు. అంటే రాజు వేషం వేసే మీసాలాయన. "మీ ఒక్కరికే చెప్తున్నానండీ."

"ఒక ఆడపిల్ల కష్టంలో ఉంటే రాజన్నవాడు చూస్తూ ఊరుకుంటాడా?" అని మీసం తిప్పాడు. "కాపలావాడి టోపీ పెట్టుకుని అలా నడుచుకుంటూ వెళ్లి బల్లకి తగులుతాను. కప్పు తనంతట తనే పడుతుంది."

ఆఖరికి పిన్ని పెద్దరాణికి ఫోన్ కూడా చేసింది. మీ ఒక్కరికే అనే చెప్పింది, పాపం మాట తప్పలేదు.

చెప్పనిది ఒక్క లైట్ల బాబాయ్‌కే. ఆయన నిద్రలో ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా రోజూ చేసే పని కాబట్టి రెండో సగం మొత్తం కళ్లు మూసుకునే లాగించేస్తాడు. ఫెళ్లుమని చప్పుడైతే బటన్ నొక్కుతాడు, వరసలో తర్వాతి లైటు వెలుగుతుంది. అంతకుమించి ఆయనకి ఈ నాటకంతో సంబంధం లేదు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. మొదటి వరుసలో పెద్దరాణి టీ కప్పు పట్టుకుని కూర్చుంది. పక్కన ఓనరు. రెండో సగం మొదలైంది. దూత వచ్చి కబురు చెప్పాడు. కొత్తరాణి కప్పు పైకెత్తింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆమె చెయ్యి దించింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, కప్పుని బల్ల మీద పెట్టింది.

సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. వెనక వరుసలో ఎవరో తెలియకుండానే "అమ్మో" అన్నారు. పండింది! అనుకుంది కొత్తరాణి. ఇక చెయ్యి తీసి, నిటారుగా నిలబడి, పాట ఎత్తుకోవడమే తరువాయి.

చెయ్యి రాలేదు.

మళ్లీ లాగింది. ఆరీ ఆరని పాకం, పైన లైట్ల వేడి, అరచేతిలో చెమట, మూడూ కలిసి కప్పుని చేతికి అతికించేశాయి. ఇంకాస్త గట్టిగా లాగితే బల్ల కదిలింది. కప్పు బల్లకీ అతుక్కుంది. రాణిగారు నడుం వంచి, చెయ్యి బల్ల మీద ఆనించి, అలాగే ఉండిపోయింది.

రెండో వరుసలో ఒకావిడ పక్కావిడతో గుసగుసలాడింది. "చూశావా, వదల్లేకపోతోంది. మొగుడు వదిలేసినా తను వదల్లేకపోతోంది!"

స్టేజి ముందు, కింద వాయిద్యాలవాళ్లు కూర్చునే గుంటలోంచి డ్రమ్ముల అన్న చూశాడు. చెయ్యి దిగింది, కప్పు పగల్లేదు. పాపం, భుజం! సీసాల పెట్టెని నిచ్చెన మీంచి తోసేశాడు. ఫెళ్లు! లైట్ల బాబాయ్ బటన్ నొక్కాడు. స్టేజంతా ఎర్రబడింది. అంతవరకూ బాగానే ఉంది, పాట కూడా మొదలైపోయింది. కొత్తరాణి వంగునే పాడటం మొదలుపెట్టింది. వంగున్నాక గొంతు పైకెక్కదు కదా, కడుపులోంచి బొంగురుగా, ఏడుపు మింగుతున్నట్టు వచ్చింది.

అప్పుడొచ్చాడు కాపలావాడు. టోపీ అయితే పెట్టుకున్నాడు గానీ ఆ మీసాలని దాచే టోపీ ఇంకా ఎవరూ కుట్టలేదు. ధీమాగా నడుచుకుంటూ వచ్చి నడుంతో బల్లకి తగిలాడు. బల్లని రాణి పట్టుకుని ఉంది కాబట్టి అది కదల్లేదు, ఆయనే కదిలాడు. వెనక్కి తూలి అంతఃపురం అద్దం మీద పడ్డాడు. ఫెళ్లు! బాబాయ్ బటన్ నొక్కాడు. ఉరుములు, మెరుపులు.

"రాజుగారేనే! ఆమె ఊహలోకి వచ్చి కూలిపోయాడు!" అంది రెండో వరుసావిడ, ముక్కు చీదుతూ.

"అమ్మాయ్, నా భుజం... కాదు, నీ భుజం..." అని రాజుగారు కింది నుంచి గొణిగాడు.

"చెయ్యి అంటుకుందండీ!" అని కొత్తరాణి పెదవులు కదపకుండా అంది.

ఆయన లేచి లాగాడు. బల్ల వచ్చింది, చెయ్యి రాలేదు. మెరుపుల వెలుగులో రాజు లాగడం, రాణి వదలకపోవడం చూసి హాలు హాలంతా ఏడ్చింది.

పెద్దరాణి ఇక తట్టుకోలేకపోయింది. ఇరవై ఏళ్ల అలవాటాయె. మోకాళ్ల సంగతి మర్చిపోయి దిగ్గున లేచింది. "ఉండవే పిల్లా, నేనున్నాను!" అని చేతిలో టీ కప్పు నేలకేసి కొట్టింది. ఫెళ్లు! బాబాయ్ బటన్ నొక్కాడు. ఆ తర్వాతి లైటు ఆఖరి అంకంలో పెళ్లి లైటు. వేదికంతా పసుపుపచ్చగా వెలిగి, పైనుంచి రంగు కాగితాలు జలజలా రాలాయి. మొగుడు వదిలేసిన రాణి నెత్తిన పెళ్లి కాగితాలు!

కొత్తరాణి కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అవి నటన కాదు. అయిపోయింది. వేషం పోయింది. రేపటి నుంచి విసనకర్ర, అది పట్టుకోవడానికైనా ఈ చెయ్యి ఊడి రావాలి. పాట అయిపోగానే రాణి మెట్లెక్కి లోపలికి వెళ్లాలి. ఇంకేం చేస్తుంది? బల్లని ఈడ్చుకుంటూ బయల్దేరింది. కీచుమంటూ బల్ల, వెనకాల కాగితాలు తొక్కుకుంటూ రాజు.

"సంసారం మొత్తం ఒంటిచేత్తో ఈడ్చుకుపోతోందే తల్లీ!" అని రెండో వరుసావిడ బావురుమంది. హాలు మొత్తం లేచి నిలబడింది. చప్పట్లకి లైట్ల బాబాయ్ కూడా కళ్లు తెరిచాడు.

లోపల సామాన్ల మామ వేడినీళ్లు పోస్తూ చెయ్యి ఊడదీస్తుంటే, మిగతావాళ్లంతా పిన్నిని చుట్టుముట్టారు.

"నాకొక్కడికే అన్నావ్!"

"నాక్కూడా ఒక్కడికే అన్నావ్!"

"అవును మరి, అందరికీ విడివిడిగా ఒక్కరికే చెప్పాను," అంది పిన్ని. "అయినా చెయ్యి లేవని పిల్లకి సాయం చెయ్యడం తప్పా?"

"నా చెయ్యికేమైంది పిన్నీ?" అంది కొత్తరాణి. "నేను కావాలనే పగలగొట్టలేదు!"

పెద్దరాణి కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చింది. అందరూ దారిచ్చారు. ఆవిడ పాకం కారుతున్న చేతిని పట్టుకుని చూసింది.

"అది అనుకోకుండా జరిగిందని బయట ఎప్పుడూ చెప్పకు," అంది. "మొదటి ఆటలో నాకూ కప్పు చెయ్యి జారి పడిందే. నీది అంటుకుంది. నువ్వు నాకంటే నయం."

ఓనరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అద్భుతం! నువ్వే రాణివి! రేపటి నుంచి ఇదే ఆట. సీసాలు, అద్దం, కాగితాలు, బల్ల, ఒక్కటి మారడానికి వీల్లేదు!"

"అది కాదండీ, నేననుకున్నది వేరే. నెమ్మదిగా కప్పు పెట్టేసి, చప్పుడు లేకుండా..."

"చప్పుడు లేకుండానా? జనం డబ్బిచ్చేది చెవులు మూసుకోవడానికా? నువ్వు బల్ల ఈడువమ్మా."

ఈడ్చింది. ఏళ్ల తరబడి ఈడ్చింది. వంగుని పాడే ఆ పాట చూపించడానికి జనం పిల్లల్ని వెంటేసుకొచ్చారు, "అదిగో, ఇప్పుడు అతుక్కుంటుంది చూడు" అని. చివరికి ఆమె నడుం మొరాయించిన ఏడాది, వేషం ఇంకో అమ్మాయికి వచ్చింది. ఆ పిల్ల మొదటి ఆట ముందు వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, కోప్పడనంటే ఒకటి అడుగుతా. నాదంటూ ఏదైనా చెయ్యాలని ఉంది. నిటారుగా నిలబడి, ఆ కప్పుని ఒక్కసారి నేలకేసి కొడితే ఎలా ఉంటుందంటావ్?"

కొత్త తరమన్నాక ఆ మాత్రం తెగువ ఉండాలి మరి.