తుంగచాపలో బసవేశ్వరరావు

"గురునాథం! ఆంధ్రదేశంలో నేరాలు ఇంతకాలం సుఖంగా బతికాయి. ఇక బతకవు!"

1969 మే నెలలో ఒక ఉదయం తెనాలిలో, నా సైకిల్ షాపు ముందు నిలబడి జనార్దనరావు చేసిన ప్రకటన ఇది. వినడానికి అక్కడున్నది నేనూ, పంక్చరైన రెండు ట్యూబులూ.

"నాది మెదడు కాదురా, కత్తి. దానికి ఒర లేదు."

"తెలుస్తూనే ఉంది" అన్నాను.

జనార్దనరావు ఉద్యోగరీత్యా బియ్యం మిల్లులో గుమాస్తా. స్వయంప్రకటనరీత్యా అపరాధ పరిశోధకుడు. నా చిన్ననాటి స్నేహితుడు కావడం నా తప్పు కాదు. మండే ఎండల్లో కూడా రెయిన్‌కోటు వేసుకుంటాడు. జేబులో భూతద్దం ఉంటుంది. దానితో ఇంతవరకు ఆయన కనిపెట్టిందేమీ లేదు గానీ, ఎండలో పట్టుకుని సొంత చొక్కాకే రెండు చిల్లులు పెట్టుకున్నాడు. నిరుడు మిల్లు యజమాని ట్రాన్సిస్టర్ పోయిందని వారం రోజులు ఊరంతా గాలించి, చివరికి రేడియో రిపేరు షాపులో దొంగను పట్టుకున్నాడు. రిపేరుకి ఇచ్చింది యజమానే. ఆనాటి నుంచి ఆయన్ని లోపలికి రానివ్వొద్దని పోలీసు స్టేషన్ గుమ్మం దగ్గర సెంట్రీకి చెప్పి ఉంచారు.

"హత్య జరిగింది" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరు పోయారు?"

"బసవేశ్వరరావు. మా పక్క వాటాలో దిగి నాలుగు రోజులైంది."

"ఎవరు చంపారు?"

"భార్య."

"శవం?"

"తుంగచాపలో."

"ఆయన్ని నువ్వు ఎప్పుడైనా చూశావా?"

"చూడలేదు. అదే మొదటి ఆధారం! వాళ్ళకొచ్చిన ఉత్తరం మీద పేరుంది, ఇంట్లో మనిషి లేడు."

షాపు మూయించి మరీ నన్ను తన ఇంటికి లాక్కెళ్ళాడు. దొడ్డి గోడ దగ్గర స్టూలు వేసి ఎక్కించాడు. అవతల పెరట్లో పాతికేళ్ళ ఆవిడ కాగులోంచి మరిగే నీళ్ళు ముంచి, పరిచిన చాప మీద పోస్తోంది. చాప నిండా సబ్బు నురగ. కాలవలోకి ఎర్రటి నీళ్ళు పోతున్నాయి. అరుగు మీద నల్లటి బొచ్చు పోగులు. ఆవిడ ఒక రోకలి తెచ్చి, దాని చుట్టూ చాపను బిగించి చుట్టి, తాళ్ళతో కట్టింది. మనిషి పొడవున్న ఆ చుట్టను కాలితో ముందుకూ వెనక్కీ దొర్లిస్తూ ఏదో లెక్కపెడుతోంది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నేనూ నమ్మాను.

"చూశావా? వెంట్రుకలు, రక్తం, రోకలి! హతుడూ ఆయుధమూ ఒకే చాపలో! నా సర్వీసులో ఇంత పొదుపైన హత్య చూడలేదు."

నాకు ఆయనలాంటి మెదడు లేదు. అందుకని వీధిలోకి వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టాను.

"ఎవరండీ?"

"సైకిల్ షాపు గురునాథాన్నమ్మా. పక్కింటి జనార్దనరావు స్నేహితుణ్ణి. పెరట్లో ఏంటో పని చేస్తున్నట్టున్నారు..."

ఆవిడ పేరు శివపార్వతి. దాచడానికి ఏమీ లేని మనిషి. కూర్చోబెట్టి మజ్జిగిచ్చి మొత్తం చెప్పింది.

"ఉన్ని అండి, అన్నయ్యగారూ. ఆ ఎరుపు రంగుదండి. అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పరిచి, సబ్బు నీళ్ళు పోసి రుద్ది, చుట్టి దొర్లిస్తే దానంతటదే గుడ్డలా గట్టిపడుద్దండి. నేత లేదు, కుట్టు లేదు. బాపట్లలో ఒక దొరసానిగారు నేర్పారు."

బల్ల మీద ఆవిడ చేసిన చిన్న చిన్న వస్తువులున్నాయి. చేతిసంచి, జడలో పెట్టుకునే పువ్వులు, టీ కెటిల్ చల్లారకుండా దాని నెత్తిన పెట్టే టోపీ. తెనాలి ఎండలకి కెటిల్ ఎలా చల్లారుతుందో నేను అడగలేదు. ముచ్చటగానే ఉన్నాయి.

"చిన్నవి బాగానే వస్తున్నాయండి. గోడకి వేలాడదీసే పెద్దదే కుదరట్లేదు. మూడుసార్లు చేశాను. ఎత్తితే చాలు, బూజులాగా విడిపోతుంది." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేపే బాపట్లలో మహిళామండలి ఎగ్జిబిషనండి. పెద్దది నచ్చితే ప్రెసిడెంటు కమలమ్మగారు నన్ను చేతిపనుల టీచరుగా తీసుకుంటామన్నారు. మా ఆయన ఉద్యోగం పోయి ఆర్నెల్లయింది. ఇది రాకపోతే ఈ వాటా ఖాళీ చేసి కొలకలూరులో మా బావగారి పంచన చేరాలి."

"మీ ఆయన ఎక్కడమ్మా?"

"ఉన్ని కోసం రేపల్లె వెళ్ళారండి. సింగయ్యగారని, గొర్రెలున్నాయి ఆయనకి. అట్నుంచి అటే బాపట్ల వచ్చేస్తానన్నారు. ఆయన తెచ్చేది రేపటికి అందదు కదండీ. అందుకని ఇంట్లో ఉన్నదంతా ఈ చాపలో పరిచేశాను. మూడొందల సార్లు దొర్లించమన్నారు దొరసానిగారు, దొర్లించాను. పొద్దున్నే విప్పి చూడాలి. విప్పాలంటే భయంగా ఉందండి."

నాకు నిజంగా జాలేసింది. ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం రావాలని మనసులో గట్టిగా అనుకున్నాను. జనార్దనరావు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అద్భుతమైన అబద్ధం! మగ్గం లేకుండా, సూది లేకుండా, ఒట్టి సబ్బు నీళ్ళతో గుడ్డ తయారవుద్దా? నువ్వు నమ్మావు. అందుకే నువ్వు పంక్చర్లేస్తున్నావు."

మర్నాడు ఉదయం ఆరింటికి బస్టాండుకి రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి జనార్దనరావు రిక్షాలోంచి ఒక పొడవాటి చుట్టను దించుతున్నాడు. దాని మీద రెయిన్‌కోటు కప్పి ఉంది. ఒక చివర రోకలి మొన కనిపిస్తోంది.

"ఒరేయ్! ఎంత పని చేశావురా!"

"హంతకురాలు పాలకి వెళ్ళింది. శవం నా అధీనంలోకి వచ్చింది."

"వెనక్కి తీసుకెళ్ళి ఇచ్చెయ్యరా, ఆ అమ్మాయి బతుకంతా ఇందులోనే ఉంది!"

"భర్త బతుకు కూడా ఇందులోనే పోయింది. ముందు రేపల్లె. సింగయ్య అనేవాడున్నాడో లేడో తేలాలి."

నేను ఇంకో మాట అనేలోపు చుట్టను బస్సులోకి తోసి తనూ ఎక్కేశాడు. బస్సు కదిలింది. పరుగెత్తి ఎక్కాను.

కండక్టర్ జార్జి అడ్డుపడ్డాడు. "ఏంటండీ ఈ సామాను? టాపు మీద వెయ్యండి."

"టాపు మీద వెయ్యకూడదు. లోపలున్న పెద్దమనిషికి ఎండ పడదు."

జార్జి ఆయన్ని ఎగాదిగా చూసి, చుట్టను డ్రైవరు పక్కనున్న ఇంజన్ మూత మీదికి నెట్టాడు. ఆ మూత మీద అట్లు పోసుకోవచ్చు. చాపలోంచి పొగలు రావడం మొదలైంది. బ్రేకు వేసినప్పుడల్లా చుట్ట అక్కడే అటూ ఇటూ దొర్లుతోంది. అమృతలూరు దగ్గర పెద్ద గొయ్యి వచ్చింది. చుట్ట ఎగిరి నేల మీద పడి, సీట్ల మధ్య నుంచి వెనక సీటు దాకా వెళ్ళింది. మళ్ళీ బ్రేకు. మళ్ళీ ముందుకి. జనం కాళ్ళతో తన్నారు, పక్కకి తోశారు, ఎక్కి తొక్కారు. అంజమ్మ అనే చేపలావిడ ఖాళీ గంపతో సహా దాని మీద చతికిలబడింది.

"ఎవరిదయ్యా ఈ చాప? కింద వెచ్చగా భలేగా ఉంది."

"లేమ్మా! హతుడికి కాస్త మర్యాద ఇయ్యి!" అన్నాడు జనార్దనరావు. ఆవిడ లేవలేదు.

రేపల్లెలో సింగయ్య గొర్రెల దొడ్డి ముందే ఉన్నాడు. అడగ్గానే "బసవేశ్వరరావా? అరగంటయింది కదండీ వెళ్ళి. బాపట్ల బస్సుకన్నాడు" అన్నాడు.

జనార్దనరావు నన్ను పక్కకి లాగాడు. "నిన్న చచ్చినవాడు అరగంట కింద ఇక్కడికి ఎలా వచ్చాడు? సింగయ్య కూడా ముఠాలో మనిషే! పద, బాపట్లలో మా మేనమామ హెడ్ కానిస్టేబులు."

బాపట్ల అనగానే నేను నోరు మూసుకున్నాను. చాప చేరాల్సిన చోటు అదే.

బాపట్ల బస్సు కిటకిటలాడుతోంది. భుజాన బస్తా మోస్తున్న ఒకాయన నిలబడలేక, "దీని మీద కూర్చోవచ్చాండీ?" అని అడిగి మరీ కూర్చున్నాడు. దారంతా గతుకులే. ఆయన ఎగిరి పడటం, చుట్ట అణగడం, చాపలోంచి సబ్బు నురగ చిమ్మడం. గంటసేపు అలా గడిచాక జనార్దనరావు రహస్యం దాచుకోలేకపోయాడు.

"మీరు కూర్చున్నది దేని మీదో తెలుసాండీ? శవం మీద!"

"అయ్యో పాపం. ఎవరండీ పోయినాయన?"

"బసవేశ్వరరావని, తెనాలి. భార్య శివపార్వతి రోకలితో కొట్టి చంపింది."

ఆయన చేతులు చూసుకున్నాడు. కాళ్ళు చూసుకున్నాడు. గడ్డం తడుముకున్నాడు.

"నేనెప్పుడు పోయానండీ?"

"నిన్న పొద్దున ఆరింటికి" అన్నాడు జనార్దనరావు. తర్వాత నోరు తెరిచాడు. మళ్ళీ మూయలేదు.

బసవేశ్వరరావు మాత్రం చివాలున లేచాడు. రోకలి మొన చూశాడు, చాప చూశాడు.

"ఇది మా ఆవిడ చేసే పెద్దది కదూ? మూడొందల సార్లే దొర్లించాలండి, అదీ నెమ్మదిగా! మీరు దీన్ని తెనాలి నుంచి ఇలాగే తెస్తున్నారా? నేను గంట నుంచి దీని మీదే ఎగురుతున్నానా?" అని నెత్తి పట్టుకున్నాడు. నేను తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.

ఎగ్జిబిషన్ హాలు వరండాలో కమలమ్మగారి ముందు శివపార్వతి ఉత్త చేతులతో నిలబడి ఉంది. పొద్దున్నే చాప పోయిందని చూసుకుని, రైల్లో ఏడుస్తూ వచ్చిందట. మా చేతుల్లో చుట్టను చూసి పరుగెత్తుకొచ్చింది. గబగబా తాళ్ళు విప్పింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

చాప పరిచిన చప్పుడైంది. తిరిగి చూశాను. చాప మీద ఎర్రటి పొద్దుటి సముద్రం, దాని మీద నాలుగు నల్లటి పడవలు. కమలమ్మగారు ఒక అంచు పట్టుకుని లాగారు. బసవేశ్వరరావు రెండో అంచు పట్టుకుని లాగాడు. చిన్న పోగు కూడా ఊడలేదు. దుప్పటంత మెత్తగా, అట్టంత గట్టిగా ఉంది.

"ఆగండి!" జనార్దనరావు భూతద్దం తీశాడు. "నిన్న ఇది చాప నిండా ఉంది. ఇప్పుడు మూరెడు తక్కువ. దారిలో ఎవరో కోసేశారు! ఎవరూ కదలొద్దు!"

శివపార్వతి ఏడుస్తూనే పకపకా నవ్వింది. "ముడుచుకోవాలండి, అన్నయ్యగారూ! ముడుచుకుంటేనే గట్టిపడినట్టు. నేను చేసిన మూడుసార్లూ అది ముడుచుకోలేదు, అందుకే విడిపోయింది."

"ఎన్నిసార్లు దొర్లించావమ్మా?" అన్నారు కమలమ్మగారు.

ఆవిడ భర్త వైపు చూసింది. భర్త నా వైపు చూశాడు.

"తెనాలి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి బాపట్లండి" అన్నాను.

"అదీ సంగతి! దొరసానిగారి మూడొందలు వాళ్ళ దేశం గొర్రెలకి. మన గొర్రెల ఉన్ని మొరటు, దాన్ని ఇలాగే కుమ్మాలి. సోమవారం నుంచి వచ్చి పిల్లలకి నేర్పమ్మా."

బసవేశ్వరరావు అక్కడే అరుగు మీద కూలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

జనార్దనరావు రెయిన్‌కోటు కాలరు పైకెత్తాడు. "కేసు పరిష్కారమైంది. హతుణ్ణి ప్రాణాలతో పట్టుకొచ్చి భార్యకి అప్పగించాను. ఏ పోలీసు వల్ల అవుద్దిది?"

శివపార్వతి ఆయన దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "అన్నయ్యగారూ, వచ్చే నెల్లో ఇలాంటివి ఇంకో నాలుగు చెయ్యాలండి. మళ్ళీ దొంగిలిస్తారా?"

ఆయన ఛాతీ విరుచుకున్నాడు. "దొంగతనం నా వృత్తి కాదమ్మా. అనుమానం వస్తే మాత్రం నన్నెవరూ ఆపలేరు."

"అయితే మా ఆయన్ని ఒక వారం ఇంట్లో దాచేస్తానండి" అంది శివపార్వతి.