ఆడకుండానే రేటింగు

పాఠకులారా, చదరంగంలో పైకి రావాలనుకుంటే ముందు చదరంగం ఆడటం మానెయ్యండి!

కోప్పడకండి. ఇది నా మాట కాదు, సెల్‌ఫోను మాట. కాబట్టి నమ్మి తీరాలి. ఈమధ్య ఒక పరీక్ష వచ్చింది. ఎవరో ఆడి సగంలో వదిలేసిన ఆట ఒకటి తెర మీద కనిపిస్తుంది. పక్కన గడియారం గిర్రున తిరుగుతుంటుంది. ముప్పై సెకన్లలో మంచి ఎత్తు వెయ్యాలి. అలాంటివి పది. ఐదు నిమిషాలు గడిచేసరికి నీ రేటింగు ఇంత అని ఒక అంకె మీ మొహాన కొడుతుంది. అయిపోయింది! ఎదురుగా మనిషి అక్కర్లేదు. బల్ల అక్కర్లేదు. "తొందరగా వెయ్యి నాయనా" అని ఎవర్నీ బతిమాలే పని లేదు.

ఎంత కాలం కలిసొచ్చిందో చూడండి! ఈ పద్ధతి అన్నిటికీ పెడితే మనం ఎక్కడుంటాం? ఉగ్గాని తినక్కర్లేదు, ముప్పై సెకన్లు వాసన చూసి మార్కులేసి వెళ్ళిపోవచ్చు. మండుటెండలో గండికోట దాకా పోవడమెందుకు? లోయ ఫొటోలు పది చూసి, పెన్న ఎటు పారుతోందో నొక్కితే చాలు, మీరు గండికోట చూసినట్టే లెక్క. పెళ్ళిళ్ళు మాత్రం? అత్తగారి కోపాల ఫొటోలు పది చూపించి, ఒక్కోదానికి ఏం బదులు చెబుతావమ్మా అని అడిగితే, కాపురం సంగతి పెళ్ళిచూపుల్లోనే తేలిపోదూ? ముప్పై సెకన్లు మొహం చూసి మందులు రాసే డాక్టర్లు ఈ పద్ధతి ఎప్పుడో మొదలెట్టారు. మనమే గమనించలేదు.

ఇంత గొప్ప పరీక్ష కర్నూల్లో ఓబుళేశుకు ఎంత మేలు చేసిందో వినండి.

ఓబుళేశుది విత్తనాల షాపు. రోడ్డుకు అవతల మదార్ సాహెబ్ పరుపుల కొట్టు. సాయంత్రం ఎండ తగ్గగానే ఓబుళేశు రోడ్డు దాటి వెళ్ళి పరుపుల దొంతర మీదికెక్కి కూర్చునేవాడు. మదార్ సాహెబ్ ఒంటికంటిన దూది దులుపుకుని చదరంగం బల్ల పరిచేవాడు. ఎవరు కాస్త కదిలినా పరుపు కుంగి బంట్లన్నీ ఒక పక్కకు దొర్లేవి. పొద్దుటి నుంచి బేరాలతో, మొలకెత్తని విత్తనాల తగాదాలతో బుర్ర వేడెక్కి ఉన్న ఓబుళేశు ఆ ఒక్క ఆట కోసమే సాయంత్రం దాకా ఓపిక పట్టేవాడు.

ఆ కొట్టుకు కొన్ని మర్యాదలున్నాయి. చూసేవాడు ఎవడైనా సరే సలహా చెప్పొచ్చు. చెయ్యి ఓబుళేశుది, ఎత్తు వీధి మొత్తానిది! అలాగే ఆట మధ్యలో వచ్చినవాడు గబుక్కున నోరు తెరవకూడదు. ముందు ఎవరికి ఏం పోయిందో అడగాలి, "అయ్యో" అనాలి, ఆ తర్వాతే మాట్లాడాలి.

ఇంత అనాగరికంగా సాగుతున్న చోటికి వసంతకుమార్ వచ్చాడు. కడప నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. పరుపు కొందామని వచ్చి, ఆట చూసి జాలిపడ్డాడు.

"ఇంగా ఈ బల్లేంది సార్! మీ ఆట ఎంతో అయిదు నిమిషాల్లో సెప్తాది ఈ ఫోను. సూడండి."

ఓబుళేశు ఫోను పరుపుల మీద పెట్టుకున్నాడు. చుట్టూ మామూలు జనం మూగారు. "గుర్రాన్ని దుముకించు!" అని ఒకడు, "ఏయ్, ఆ ఏనుగును సూడప్పా!" అని ఇంకొకడు. ఓబుళేశు వేలు ఆలస్యమైనచోట వెనక నుంచి మరో వేలు వచ్చి నొక్కింది. చివరికి 1890 వచ్చింది. అది ఆరుగురి రేటింగు అని మీకు, నాకు అనిపించవచ్చు. ఓబుళేశుకు మాత్రం అనుమానమే రాలేదు. అతను పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఎత్తయినా ఇంకోలా వేస్తే గదా!

మదార్ సాహెబ్ నెమ్మదస్తుడు. ఇంటికి వెళ్ళి, భార్య నన్నీ బీ పక్కన కూర్చుని తీరిగ్గా పరీక్ష మొదలెట్టాడు. మొదటి ఆట కనిపించగానే మర్యాదగా అడిగాడు.

"ఎవురప్పా ఈ ఆట ఆడినోళ్ళు? నల్లోని గుర్రాలు రెండూ యాడ పాయ?"

"అది ఫోను. నీకు బదులు సెప్తాదా?" అంది నన్నీ బీ.

"ఏమీ అడక్కుండా ఇంగొకరి ఆటలో చెయ్యి పెడితే బాగుంటాదా?"

ఈలోపు ముప్పై సెకన్లు అయిపోయాయి. రెండో ఆటలో ఒక బంటు దిక్కులేకుండా మూలన పడి ఉంటే, "పాపం, దీన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోయినాడో" అని బాధపడ్డాడు. మళ్ళీ అయిపోయాయి. పరామర్శలన్నీ ముగిసేసరికి 640 వచ్చింది.

ఓబుళేశు మర్నాడే షాపు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. చేతులు జోడించిన తన ఫొటో, కింద బారెడు అక్షరాల్లో 1890. నందికొట్కూరు నుంచి ఉల్లిగడ్డల ఆటో తోలుకొచ్చిన రైతొకడు ఆగి, "కింటా ఈ రేటుకే తీసుకుంటాండారా అన్నా?" అని అడిగాడు. ఓబుళేశు ఓపిగ్గా చదరంగం గురించి చెబుతుంటే, అతను సగంలోనే ఆటో తిప్పుకుని పోయాడు. పోనీ! పేరు వచ్చింది గదా!

సాయంత్రం పరుపుల కొట్టుకు పోతే మదార్ సాహెబ్ లేచి నిలబడ్డాడు. అంతకు ముందెన్నడూ నిలబడలేదు.

"రాండి ఓబుళేశు సార్."

"సార్ ఏంది సాహెబూ? బల్ల పరుచు."

"మీరు యాడ, నేను యాడ? నా ఆరునూర్ల నలభైకి మీతో కూచుంటే మీకే నామర్దా. టీ సెప్పమంటారా?"

నిజం చెప్పాలంటే ఓబుళేశుకు మొదట్లో ఆ 'సార్' కాస్త తీపిగానే తగిలింది. తన స్థాయివాళ్ళను వెతుక్కుందామని బయల్దేరాడు. వసంతకుమార్‌ను అడిగితే, "నాది పదిహేడు నూర్లు సార్. మీతో ఆడి ఓడిపోతే ఇంగ నా అంకెను ఎవురు నమ్ముతారు?" అన్నాడు. తక్కువ వచ్చినవాళ్ళు భయపడ్డారు. కాస్త ఎక్కువ వచ్చినవాళ్ళు ఇతన్ని చూసి చూడనట్టు పోయారు. సలహాలు చెప్పే జనమంతా ఇప్పుడు పరుపుల మీద వరుసగా కూర్చుని, ఎవరి ఫోను వాళ్ళు నొక్కుకుంటున్నారు. ఆ వీధిలో ఇంతమంది మేధావులున్నారని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు! ఇది పరీక్ష గొప్పతనం కాదూ?

ఓబుళేశు తన షాపులో విత్తనాల మూటల మధ్య బల్ల వేసుకుని రెండు పక్కలా తానే ఆడాడు. నల్లవాటితో ఆడుతున్నప్పుడు తెల్లవాటి ఎత్తుగడ తెలిసిపోయేది. తననే తాను మోసం చేసుకున్నట్టుండేది. గెలిచినా సంతోషం లేదు, ఓడినా ఏడుపు లేదు. ఎదురు కొట్టు వైపు చూస్తే మదార్ సాహెబ్ ఊరికే దూది ఏరుకుంటూ కనిపించేవాడు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. పరీక్ష మళ్ళీ రాసి, అంకె తగ్గించుకుంటే సరి! ఆరునూర్ల నలభైకి దిగితే సాహెబ్ ఇంకేం చెప్పి తప్పించుకుంటాడు?

ఈసారి ఒక్కడే కూర్చున్నాడు. పిచ్చివాడు కూడా వెయ్యని ఎత్తులన్నీ వేశాడు. మంత్రిని తీసుకెళ్ళి శత్రువు ఏనుగు నోట్లో పెట్టాడు. గుర్రాన్ని బంటుకు అప్పగించాడు. "తీసుకో, ఇది గూడా తీసుకో!" అంటూ బలమంతా దానం చేసేశాడు.

2210 వచ్చింది.

ఓబుళేశు ఫోను పట్టుకుని వసంతకుమార్ దగ్గరికి పరిగెత్తాడు. అతను చూసి రెండు చేతులూ జోడించాడు. "ఈ పరీచ్చలో అన్నీ చిక్కు ఆటలే పెడ్తారు సార్. శానా వాటికి మంత్రిని బలియ్యడమే జవాబు. మామూలు మనిషికి మనసొప్పదు. మీరెట్ల ఇడిసినారు సార్ అన్నిటినీ?"

ఓబుళేశు నేరుగా పరుపుల కొట్టుకు పోయాడు. మదార్ సాహెబ్ మళ్ళీ లేచి నిలబడబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఒగ ఆట ఆడు సాహెబూ. నీకు దండం పెడ్తా."

"రెండువేల పైన పోతివంట గదప్పా. ఈదంతా అదే మాట." మదార్ సాహెబ్ గొంతులో ఈసారి 'సార్' లేదు, కొంచెం నిష్ఠూరం ఉంది. "అయిదు నిమిషాల్లో తేలే సంగతేనంట ఇది. ఆ ఫోనుకు నువ్వెంతో తెలిసిపాయ, నేనెంతో తెలిసిపాయ. ఇంగ నాతో ఆడితే నీకేమొస్తాది?"

ఓబుళేశు ఆలోచించాడు. ముప్పై సెకన్లు దాటాయి. నిమిషం దాటింది. పరీక్ష అయ్యుంటే సున్నా పడేది.

"నాకు పొద్దు పోలే సాహెబూ," అన్నాడు. "నువ్వు లేకుంటే ఒగ పూట గూడా పోలే."

మదార్ సాహెబ్ పరుపుల మీద కూర్చున్న మేధావులను "జరగండప్పా, జరగండి" అని పక్కకు తోసి, బల్ల పరిచాడు.

చూశారా పాఠకులారా! ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతికి ఇద్దరు పెద్దమనుషులు షట్టరు దించే వేళ దాకా కూర్చున్నారు. ఎవరు గొప్పో అప్పటికీ తేలలేదు. పైగా ఫోన్లు పక్కన పడేసి ఐదారుగురు చుట్టూ చేరి, గుర్రాన్ని దూకించు, వద్దు, దూకించు అని గొంతులు చించుకున్నారు. రేపు మళ్ళీ కూర్చుంటారట! ఇలాంటివాళ్ళు ఉండగా దేశం ఎలా బాగుపడుతుంది చెప్పండి?