నేను న్యాయంగా పంచిన సగం బడి

పిల్లలకు వారమంతా బడి అక్కర్లేదు, సగం వారం చాలు! ఈ మాట అంటున్నది బడి ఎగ్గొట్టే పిల్లవాడు కాదు, ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న నేను. కాబట్టి నమ్మండి.

మా బడిలో పైకప్పు పెచ్చులూడుతోందని సగం గదులకు మరమ్మతులు మొదలుపెట్టారు. మిగిలిన గదుల్లో క్లాసుకు ఇరవై మందే పడతారు. అందుకని నా క్లాసులో ఉన్న నలభై మందినీ రెండు బ్యాచ్‌లు చేయమన్నారు. ఒకటి సోమ, మంగళ, బుధ. రెండోది గురు, శుక్ర, శని. మిగతా రోజుల్లో ఇంట్లో ఫోన్‌లో పాఠం. ఇంతకన్నా సుఖం ఏముంది చెప్పండి? ఫోన్‌లో మ్యూట్ బటన్ ఉంది చూశారూ, దాన్ని కనిపెట్టినవాడు కచ్చితంగా బడిపంతులే అయ్యుంటాడు!

పంచే పని హెడ్మాస్టరమ్మ నాకు అప్పగించారు. "లెక్కల మాస్టారు కదా, మీరైతే న్యాయంగా చేస్తారు" అన్నారు. ఉబ్బిపోయాను. తల్లిదండ్రులందరినీ పిలిచి, వాళ్ల ఎదుటే స్టీలు డబ్బాలో నలభై చీటీలు వేసి, కళ్లు మూసుకుని తీశాను. కళ్లు ఎలాగూ మూసుకుంటున్నా, కళ్లజోడు కూడా తీసి పక్కన పెట్టాను. అంత నిజాయితీ! "ఇందులో ఎవరి పెత్తనమూ లేదు" అని ఉపన్యాసం దంచితే చప్పట్లు కూడా కొట్టారు.

మొదటి బ్యాచ్‌కు శని, ఆదివారాలు రెండూ కలిసొస్తాయి. రెండో బ్యాచ్‌కు శనివారం హుళక్కి. ఈ తేడా చీటీలు తీసేటప్పుడు నాకు తట్టలేదు. ఇంటికెళ్లాక తల్లిదండ్రులకు తట్టింది.

మొదటి మినహాయింపు ఎవరికిచ్చానని మాత్రం అడక్కండి. సరే, అడిగారు కాబట్టి చెబుతాను. నా క్లాసులోనే చదివే మా అమ్మాయికి. "ఏమండీ, అంత న్యాయం చేయాలనుంటే పక్కింటి పిల్లకి చేయండి. మన పిల్లకి కాస్త మంచి చేయండి చాలు" అంది మా ఆవిడ. ఇంట్లో బతకాల్సినవాణ్ని, ఏం మాట్లాడతాను?

ఇంకేముంది, వరస కట్టారు. "మా వాడికి గురువారం పడదు మాస్టారూ" అన్నారు పళ్ల డాక్టరుగారు, అదేదో మందు అయినట్టు. నా దవడ పన్ను ఒకటి ఆయన దగ్గర సగం పనిలో ఉంది. మార్చేశాను. స్నేహితురాలు పక్కన లేకపోతే తన కూతురు అన్నం ముట్టదన్నాడు బస్సు కండక్టరు. మార్చేశాను. కరాటే క్లాసు, ఈత క్లాసు, శనివారాలే వచ్చే తాతయ్య! ఒకావిడ ఏ కారణమూ చెప్పకుండా ఎదురుగా కూర్చుని నిట్టూర్చింది. ఆవిడ కొడుకునీ మార్చేశాను. "మీలాంటి న్యాయమైన మనిషిని చూళ్లేదు" అంటూ వెళ్లారు అందరూ. నిజమే కదా? అడిగినవాళ్లందరికీ సమానంగా ఇచ్చాను!

సోమవారం గది కిటకిటలాడింది. కిటికీ గట్టు మీద కూడా పిల్లలే. 'హాజరు అద్భుతం' అని రిజిస్టరులో రాసుకున్నాను. ఒకవైపు కలుపుకుంటూ పోతే రెండోవైపు ఏం మిగులుతుందో రెండో తరగతి పిల్లాడైనా చెబుతాడు. లెక్కల మాస్టారికి మాత్రం గురువారం పొద్దున తెలిసింది.

క్లాసులోకి వెళితే ఒక్కతే ఉంది. రెండు జడల పిల్ల. వాళ్లమ్మ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. నన్ను చూసి లేచి, నలభై మంది కలిసి పాడినట్టే రాగం తీస్తూ "గుడ్ మార్నింగ్ సార్" అంది.

ఒక గురువుకు ఒకే శిష్యురాలు! ఎంత పెద్ద బడిలోనైనా దొరుకుతుందా ఈ వైభోగం? ఇలా మనసులో నేను కులుకుతుండగానే ఆ పిల్ల అడిగింది.

"సార్, మిగతావాళ్లు ఎప్పుడొస్తారు?"

సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు పెద్దమనుషులు చేసే పనే నేనూ చేశాను, తప్పు అవతలివాళ్ల మీదకు నెట్టాను. "మీ అమ్మ ఒక్కసారి వచ్చి అడగొచ్చు కదమ్మా? నిన్నూ మార్చేవాణ్ని."

"నేనూ అదే అన్నాను సార్. సారు మన ఎదుటే న్యాయంగా తీశారు, మళ్లీ వెళ్లి అడిగితే ఆయన్ని నమ్మనట్టు ఉంటుంది, బాగోదు అంది మా అమ్మ."